లైసెన్సు ఒకచోట, డిగ్రీ ఒకచోట



ప్లస్ టూ ఫలితాలు వచ్చాయంటే ఒడిశాలోని మా బరంపురంలో నాలుగు రోజులపాటు ప్రతి వీధి అరుగు మీదా ఒకటే చర్చ. డాక్టరీ అనేవాళ్ళకి ఎదురుగా ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ కనిపిస్తుంది. ఇంజనీరింగు అనేవాళ్ళకి ఊరి చుట్టూ కాలేజీలున్నాయి. ఏదీ తేలనివాళ్ళని ఖల్లికోట కాలేజీ ఎప్పుడూ కాదనలేదు. ఈ మధ్య ఇంకో మాట కూడా వినబడుతోంది. "మావాడు పైలట్ అవుతానంటున్నాడండీ. ఏవియేషన్ యూనివర్సిటీలో చేర్చమంటారా, మామూలు కాలేజీలో ప్లస్ త్రీ కానిచ్చాక చూద్దామా?" ఆడపిల్లల తల్లిదండ్రులూ అడుగుతున్నారు, అడగాలి కూడా. ప్రపంచం మొత్తం మీద పైలట్లలో ఆడవాళ్ళు సుమారు 5 శాతం ఉంటే మన దేశంలో 15 శాతం దాకా ఉన్నారు.

చాలాకాలం ఫిజిక్స్ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికీ వస్తుంటుంది. ప్రసంగం మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళాల్సినవాళ్ళు ఉంటారు గనక నా జవాబు ముందే చెప్పేస్తాను. మన దేశంలో విమానం నడపడానికి కావలసింది లైసెన్సు. అది ఇచ్చేది డి.జి.సి.ఎ., అంటే కేంద్ర పౌర విమానయాన శాఖ కింద ఉండే డైరెక్టరేట్. ఆ డైరెక్టరేట్ ఎవరినీ డిగ్రీ అడగదు. డిగ్రీ ఉద్యోగానికీ, కష్టకాలానికీ పనికొస్తుంది. అంచేత గంజాం జిల్లా పిల్లలకి నేను చెప్పేదొక్కటే. డిగ్రీ ఇంటి దగ్గర తక్కువ ఖర్చుతో చదవండి, లైసెన్సు మంచి ఫ్లయింగ్ స్కూల్లో సంపాదించండి. రెండూ ఒకే గేటు లోపల ఒకే బిల్లు మీద కొనుక్కోవలసిన అవసరం చాలా కొద్దిమందికే ఉంటుంది.

ఇలా అనగానే కుర్రాళ్ళు ఒక పేరు తెచ్చి నా ముందు పెడతారు. బిజూ పట్నాయక్. "ఆయన డిగ్రీ పూర్తి చేశాడా సార్?" అంటారు. చేయలేదు. ఆయన 1916 మార్చి 5న కటక్‌లో పుట్టారు గానీ వాళ్ళది మన జిల్లాయే, బెల్లగుంఠ దగ్గర నువాగాఁ. కటక్ రావెన్‌షా కాలేజీలో బి.ఎస్సి.లో చేరి, మధ్యలో వదిలేసి విమానం నేర్చుకోవడానికి వెళ్ళిపోయారు. ఢిల్లీ ఫ్లయింగ్ క్లబ్‌లో శిక్షణ పొంది ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్‌లో పైలట్ అయ్యారు. తరవాత సొంతంగా కళింగ ఎయిర్‌లైన్స్ పెట్టారు. 1947 జులైలో, డచ్చి సైన్యం జావా మీద పడ్డ రోజుల్లో, నెహ్రూ గారి కోరిక మీద డకోటా విమానం తీసుకుని వెళ్ళి ఇండోనేసియా నాయకులు షరీర్, హట్టాలను అక్కణ్ణించి బయటికి తెచ్చారు. పక్క సీట్లో భార్య జ్ఞాన్ గారు ఉన్నారు. ఆవిడా పైలట్టే. ఇండోనేసియా ఆయనకి భూమిపుత్ర అనే గౌరవం ఇచ్చింది. 1997లో కన్నుమూసేనాటికి ఆయన మన అస్కా నియోజకవర్గం తరఫున లోక్‌సభ సభ్యులు. ఆయన కంపెనీ డకోటా ఒకటి 2023 జనవరిలో కలకత్తా నుంచి విడిభాగాలుగా లారీల మీద భువనేశ్వర్ వచ్చింది. ఆయన పేరే ఉన్న విమానాశ్రయం దగ్గర ఇప్పుడు దాన్ని చూడవచ్చు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి.

కథ బాగుంది. అయితే దాన్నించి "కాలేజీ అక్కర్లేదు" అనే నీతి తీస్తే మాత్రం నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో దేశం మొత్తానికీ ఉన్న పైలట్లు కొద్దిమంది. ఫ్లయింగ్ క్లబ్‌లో నాలుగు గంటలు గాలిలో తిరిగొచ్చినవాణ్ణి ఊరంతా గుర్తుపట్టేది. పైగా ఆ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. 1953లో ప్రైవేటు విమాన కంపెనీలని ప్రభుత్వం జాతీయం చేసింది. మన కళింగ ఎయిర్‌లైన్స్, హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్, దేశం లోపల తిరిగే మిగతావన్నీ కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. బిజూబాబుకి అప్పటికే రాజకీయం ఉంది, ఫ్యాక్టరీల ఆలోచనలున్నాయి. విమానం పోయినా ఆయన ఆగిపోలేదు. మన పిల్లవాడికి అలా ఇంకో ఆధారం ఉందా అన్నది నా ప్రశ్న.

ఇప్పుడు నిబంధనలు చూద్దాం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, అంటే అందరూ సి.పి.ఎల్. అనేదానికి, పద్దెనిమిదేళ్ళు నిండాలి. ప్లస్ టూలో ఫిజిక్స్, లెక్కలు ఉండాలి. ఈ నిబంధన తీసేసి ఆర్ట్స్, కామర్స్ పిల్లలకీ దారి తెరవాలన్న ప్రతిపాదన 2025లో వచ్చింది. అది కాయితం మీదికి వచ్చేదాకా పాత నిబంధననే నమ్మండి. కామర్స్ చదివినవాళ్ళు ఓపెన్ స్కూల్ ద్వారా ఆ రెండు సబ్జెక్టులూ రాసుకోవచ్చు, చాలామంది రాస్తున్నారు కూడా. తరవాత 200 గంటల ఫ్లయింగు. అందులో 100 గంటలు తనే కమాండులో ఉండాలి. 300 నాటికల్ మైళ్ళ దూర ప్రయాణం ఒకటి చేయాలి, దారిలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి మళ్ళీ ఎగరాలి. రాత్రి ఫ్లయింగు ఉంటుంది. బయటికి చూడకుండా డయళ్ళు మాత్రమే చూస్తూ నడిపే ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగు ఉంటుంది. రాత పరీక్షలు నావిగేషన్, మెటియొరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కొక్కదాంట్లో నూటికి 70 రావాలి. పైన రేడియో మీద మాట్లాడే పరీక్ష. వైద్య పరీక్షలు రెండు, క్లాస్ టూ, క్లాస్ వన్.

ఈ జాబితాలో యూనివర్సిటీ అన్న మాట ఎక్కడా లేదు. గమనించారా?

మరి ఈ ఏవియేషన్ యూనివర్సిటీ మోజు మనకెక్కణ్ణించి వచ్చింది? సగం అమెరికా నుంచి వచ్చింది. బరంపురంలో నాలుగిళ్ళకి ఒక ఇంట్లో డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఒక మేనమామో బాబాయో ఉంటారు. "అక్కడ ఎంబ్రీ-రిడిల్ అని ఉంది, పంపించెయ్యండి" అని వాట్సాప్‌లో సలహా వస్తుంది. ఎంబ్రీ-రిడిల్ చిన్నా చితకా సంస్థేం కాదు. ఫ్లోరిడాలో, అరిజోనాలో క్యాంపస్‌లున్న పేరున్న ఏరోనాటికల్ యూనివర్సిటీ. విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ అక్కడ చదివి పైలట్ అయ్యాడు. 2024 మే 19న బ్లూ ఆరిజిన్ వాళ్ళ రాకెట్టులో అంతరిక్షం అంచు దాకా వెళ్ళొచ్చాడు. మన తెలుగువాళ్ళలో ఏవియేషన్ యూనివర్సిటీకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అయితే అమెరికా లెక్క వేరు. అక్కడ ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా కూర్చోవాలన్నా మామూలుగా 1500 గంటల అనుభవం ఉండాలి. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయాక ఈ నిబంధన తెచ్చారు, 2013 నుంచి అమల్లో ఉంది. గుర్తింపు పొందిన ఏవియేషన్ డిగ్రీ నాలుగేళ్ళు చదివినవాళ్ళకి మాత్రం 1000 గంటలు చాలు. అంటే అక్కడ ఆ డిగ్రీకి 500 గంటల విలువ ఉంది. ఆ 500 గంటలు పోగుచేసుకోవడానికి బయట పిల్లలు ఏడాదీ రెండేళ్ళూ చిన్న విమానాల్లో శిక్షకులుగా తిరుగుతుంటారు. కాబట్టి అమెరికాలో, అమెరికాలోనే ఉద్యోగం చేసుకునే హక్కున్న పిల్లలకి ఆ మేనమామ సలహా సరైన సలహా. మన దేశంలో 200 గంటల సి.పి.ఎల్.తో, విమానం రకానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ పొంది నేరుగా ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా చేరవచ్చు. డిగ్రీకి ఒక్క గంట రాయితీ కూడా లేదు. అమెరికా చదువు ఖర్చేమో కోటి దాటుతుంది. చదువయ్యాక వీసా గడువు ముగిసి ఇంటికొస్తే ఆ లైసెన్సుని ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవడానికి మళ్ళీ డి.జి.సి.ఎ. పరీక్షలు, మళ్ళీ చెక్ ఫ్లయిట్లు.

ఇక మన దేశంలోని సంగతి. ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లా ఫుర్సత్‌గంజ్ అని చిన్న ఊరుంది. అక్కడ పక్కపక్కనే రెండు ప్రభుత్వ సంస్థలున్నాయి. రెండిటి పేర్లూ గాంధీ కుటుంబానివే, రెండూ విమానాలకి సంబంధించినవే. జనం వాటిని కలిపేసి అయోమయంలో పడతారు. ఒకటి ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ, 1985లో పెట్టింది. పైలట్లని తయారుచేసేది ఇదే. దీనికి ప్రవేశ పరీక్ష ఉంది, ఇంటర్వ్యూ ఉంది, రిజర్వేషన్లున్నాయి. ప్లస్ టూలో ఇంగ్లీషు, ఫిజిక్స్, లెక్కల్లో 50 శాతం మార్కులుండాలి. ఫీజు నలభై లక్షల పైమాటే. ఫ్లయింగుతోపాటు కావాలనుకున్నవాళ్ళు బి.ఎస్సి. ఏవియేషన్ కూడా చేసుకోవచ్చు. రెండోది రాజీవ్ గాంధీ నేషనల్ ఏవియేషన్ యూనివర్సిటీ, 2013లో పార్లమెంటు చట్టంతో వచ్చిన కేంద్ర విశ్వవిద్యాలయం. పేరు వినగానే పైలట్ల యూనివర్సిటీ అనిపిస్తుంది. ముఖ్యంగా అక్కడ చెప్పేది విమాన సేవలు, సరుకు రవాణా, విమానాశ్రయ నిర్వహణ. మంచి చదువే, అందులో ఉద్యోగాలూ ఉన్నాయి. కానీ కాక్‌పిట్‌లో కూర్చోవాలనుకున్న పిల్లవాడు అందులో చేరి మూడేళ్ళ తరవాత కార్గో టెర్మినల్లో తేలితే ఆ తప్పు యూనివర్సిటీది కాదు.

ప్రైవేటు సంస్థల్లో ఈ అయోమయం ఇంకా ఎక్కువ, అదీ కొంత కావాలని పెంచి పోషించినది. ఒక తండ్రి నా దగ్గరికి ఒక బ్రోచరు తెచ్చారు. సంస్థ పేరు చెప్పను. నున్నటి కాయితం. అట్ట మీద నాలుగు చారల భుజకీర్తులతో నవ్వుతున్న కెప్టెన్ బొమ్మ. లోపల బి.బి.ఎ. ఏవియేషన్, మూడేళ్ళు, ఫీజు సంవత్సరానికి ఇంత. ఆయన ఆ కెప్టెన్ బొమ్మనే చూశారు. నేను సబ్జెక్టుల జాబితా చదివించాను. అకౌంట్సు, మార్కెటింగు, ఎయిర్‌లైన్ టిక్కెటింగు, విమానాశ్రయ నిర్వహణ. ఫ్లయింగు గంటలు ఎన్ని? ఒక్కటీ లేదు. చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, పైలట్ శిక్షణ మా భాగస్వామ్య సంస్థలో అదనపు రుసుముతో అని ఒక వాక్యం. ఆ భాగస్వామి ఎవరో, ఆ సంస్థకి డి.జి.సి.ఎ. అనుమతి ఉందో లేదో ఎక్కడా లేదు. అరచేతిలో వైకుంఠం అంటే ఇదే. ఏ కోర్సయినా సరే, మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఫీజులో నా బిడ్డ గాలిలో ఎన్ని గంటలుంటాడు, ఏ అనుమతి ఉన్న స్కూల్లో ఉంటాడు? సమాధానం అంకెల్లో రాకపోతే చెప్పులేసుకుని బయల్దేరండి.

అయితే డిగ్రీ ఎందుకు? మానేయొచ్చుగా? మానేయొద్దు. విమాన కంపెనీలు మనకళ్ళ ముందే మూతపడ్డాయి. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్. మధ్యలో 2020లో కోవిడ్ వచ్చి విమానాలన్నీ నేల మీద వరసగా నిలబడ్డాయి. ఆ రోజుల్లో జీతాల్లేక ఇళ్ళకొచ్చిన కో-పైలట్లలో డిగ్రీ ఉన్నవాడికి ఎం.బి.ఎ.కో, బ్యాంకు పరీక్షకో వెళ్ళే దారి ఉంది. లేనివాడు పాతికేళ్ళు దాటాక మళ్ళీ ప్లస్ టూ సర్టిఫికేటు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఇంకో ప్రమాదం ఒంటి నుంచే వస్తుంది. క్లాస్ వన్ మెడికల్ ఒకసారి పాసైతే అయిపోదు, ఏటేటా మళ్ళీ పాసవుతూ ఉండాలి. ముప్ఫయ్యో ఏట చక్కెరో గుండె చప్పుడో తేడా వస్తే కొన్నాళ్ళపాటు, ఒక్కోసారి పూర్తిగా, లైసెన్సు బల్ల సొరుగులోకి వెళ్ళిపోతుంది.

ఒంటి మాట వచ్చింది గనక శిరీష బండ్ల గురించి చెప్పాలి. గుంటూరు జిల్లాకి చెందిన కుటుంబం, అమెరికాలో హ్యూస్టన్‌లో పెరిగింది. వైమానిక దళంలో పైలట్ అయ్యి, అక్కణ్ణించి నాసాకి వెళ్ళాలనుకుంది. చూపు సరిపోలేదు. అప్పుడు పర్డ్యూ యూనివర్సిటీలో ఇంజనీరింగు డిగ్రీ చేసింది. 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళింది. ఒక దారి మూసుకున్నా ఆ అమ్మాయిని ఇంకో దారిలో నడిపించింది ఆ డిగ్రీ.

మామూలు కాలేజీకి ఇంకో పెద్ద లాభం ఉంది, దాన్ని మనవాళ్ళు లెక్కలోకి తీసుకోరు. వైమానిక దళం. అక్కడ పైసా ఖర్చు లేకుండా ప్రభుత్వం విమానం నేర్పిస్తుంది, పైగా జీతం ఇస్తుంది. ప్లస్ టూ తరవాత ఎన్.డి.ఎ., అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, ఉంది. రాకేశ్ శర్మ అలాగే హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుకుని 1966లో ఎన్.డి.ఎ.లో చేరారు. 1984 ఏప్రిల్‌లో సోయుజ్ ఎక్కి అంతరిక్షానికి వెళ్ళారు. ఎన్.డి.ఎ. తప్పిపోతే డిగ్రీ తరవాత ఏఫ్‌క్యాట్ అనే పరీక్ష ఉంది. ప్లస్ టూలో ఫిజిక్స్, లెక్కలు చదివి ఏ డిగ్రీలోనైనా 60 శాతం తెచ్చుకున్నవాళ్ళు, లేదా బి.టెక్. చేసినవాళ్ళు రాయవచ్చు. వయసు 20 నుంచి 24 లోపు. డి.జి.సి.ఎ. సి.పి.ఎల్. ఉన్నవాళ్ళకి 26 దాకా సడలింపు ఇస్తారు. డిగ్రీ లేకపోతే ఈ తలుపు మూసుకుపోయినట్టే. గోపాల్‌పూర్‌లో సైన్యంవాళ్ళ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ పెట్టుకుని, ఆ యూనిఫారాలు రోజూ చూస్తూ కూడా మన పిల్లలు ఈ పరీక్ష గురించి అడగడం అరుదు. నాకు ఇది ఎప్పుడూ వింతే.

ఇప్పుడు డబ్బు మాట. ప్రైవేటు ఫ్లయింగ్ స్కూల్లో సి.పి.ఎల్. అంటే ఉండటానికీ తినడానికీ కలిపి సుమారు యాభై లక్షలు అనుకోండి, కొంచెం అటూ ఇటూ. తరవాత ఎయిర్‌బస్ ఎ-320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ శిక్షణ, మరో పది పదిహేను లక్షలు. బ్యాంకులు ఏడున్నర లక్షలు దాటిన చదువు రుణానికి తాకట్టు అడుగుతాయి. గంజాంలో తాకట్టు అంటే ఇల్లో, పొలమో. సూరత్ వలస వెళ్ళి మగ్గాల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసి కొనుక్కున్న రెండెకరాలు ఒక సంతకంతో బ్యాంకు బీరువాలోకి వెళ్తాయి. వద్దనడం లేదు. అప్పు తెచ్చినవాడికి లైసెన్సు రాగానే ఉద్యోగం రాదన్నది మాత్రం తెలిసుండాలి. డి.జి.సి.ఎ. 2023లో ఒక్క ఏడాదే 1622 సి.పి.ఎల్.లు ఇచ్చింది. పైలట్ల కొరత అని పేపర్లలో రాసేది ఎక్కువగా అనుభవం ఉన్న కెప్టెన్ల గురించి. కొత్తగా రెండొందల గంటలతో వచ్చినవాళ్ళు వరసలో నిలబడుతూనే ఉన్నారు. ఆ నిరీక్షణ ఆర్నెల్లు కావచ్చు, రెండేళ్ళు కావచ్చు. వాయిదాలు మాత్రం ఆగవు.

అందుకే నేను చెప్పే దారిలో ముందు ఖర్చు తక్కువ పనులు, తరవాతే ఖర్చు పెద్దవి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు యూనివర్సిటీ ఎంచుకోవడంతో మొదలెట్టకండి. ముందు వైద్య పరీక్ష. క్లాస్ టూ మెడికల్ డి.జి.సి.ఎ. గుర్తింపు పొందిన డాక్టరు దగ్గర కొన్ని వేలతో అయిపోతుంది. దాని వెనకే క్లాస్ వన్ కూడా చేయించుకోండి. కళ్ళజోడు ఉంటే పైలట్ కాలేరన్న మాట మన ఊళ్ళో బాగా పాతుకుపోయింది. పౌర విమానాలకి అది నిజం కాదు, అద్దాలతో సరిపడా చూపు వస్తే చాలు. అసలు అడ్డంకి రంగుల్ని గుర్తుపట్టలేకపోవడం. రంగు రంగు చుక్కల మధ్య అంకె కనిపించే ఆ పుస్తకం ముందు కూర్చుని ఐదు నిమిషాల్లో తేలిపోయే సంగతి, పదిలక్షలు కట్టాక తెలిసిన కుటుంబాలున్నాయి.

రెండోది కాయితాలు. ఇది మన తెలుగువాళ్ళ ప్రత్యేక సమస్య. పదో తరగతి సర్టిఫికేట్లో ఇంటిపేరు పొడి అక్షరంతో ముందు ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా చివర ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. ఒడియా గుమాస్తా రాసిన స్పెల్లింగు ఒకటి, తండ్రి చెప్పింది ఇంకొకటి. డి.జి.సి.ఎ. పరీక్షలు రాయడానికి కంప్యూటర్ నంబరు తీసుకోవాలి, దానికి బోర్డుల నుంచి మార్కుల ధ్రువీకరణ కావాలి. పేర్లు కలవకపోతే అఫిడవిట్లు, గెజెట్లు, భువనేశ్వర్‌కి తిరుగుళ్ళు. పిల్లవాడు ప్లస్ టూలో ఉండగానే ఇవి సరిచేయించండి. కాక్‌పిట్‌కి దీనికీ సంబంధం ఏమిటని నవ్వకండి, బ్యాచ్‌లు తప్పిపోయేది ఇలాంటి చోటే.

మూడోది, ప్లస్ త్రీ చదువుతూ రాత పరీక్షలు. ఖల్లికోటలోనో, మరో కాలేజీలోనో ఫిజిక్స్ గౌరవంగా చదవండి. రెండో ఏడాది నుంచి సాయంత్రాలు నావిగేషన్, మెటియొరాలజీ పుస్తకాలు ముందేసుకోండి. రాసి పాసైన పరీక్షలకి కాలపరిమితి ఉంటుంది కనక మరీ ముందుగా కాకుండా ఫ్లయింగు మొదలెట్టబోయే ముందు పూర్తిచేసేలా చూసుకోవాలి. ఈ పేపర్లు పాసై వెళ్ళిన పిల్లవాడు ఫ్లయింగ్ స్కూల్లో హాస్టల్ అద్దె కడుతూ పుస్తకాలు చదవక్కర్లేదు, రన్‌వే ఖాళీ దొరికిన ప్రతి పూటా ఎగరొచ్చు. మెటియొరాలజీ పేపరు విషయంలో మనవాళ్ళకి ఒక వరం ఉంది. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఈ పిల్లలు చిన్నవాళ్ళు. 2018లో తిత్లీని కళ్ళారా చూశారు. గాలి ఒక దిక్కు నుంచి ఊళ్ళు పెకలించుకుపోయి, కాసేపు నిశ్శబ్దమై, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి ఎందుకు వస్తుందో బీచిలో నిలబడి చెప్పగల పిల్లవాడికి తుపాను కన్ను గురించిన ప్రశ్న ఏం కష్టం?

ఇంగ్లీషు కూడా ఇప్పుడే. రేడియోలో టవర్‌తో మాట్లాడే భాష పట్టుదలతో వచ్చేది, కాన్వెంటుతో వచ్చేది కాదు. అంతర్జాతీయంగా నాలుగో స్థాయి ఇంగ్లీషు వస్తే లైసెన్సుకి చాలు. ఒడియా మీడియం పిల్లలు అది అందుకుంటున్నారు.

తరవాత స్కూలు ఎంపిక. మన రాష్ట్ర ప్రభుత్వ ఏవియేషన్ శిక్షణ సంస్థ ధెంకనాల్ జిల్లా బిరసాల్‌లో ఉంది. హైదరాబాదు శివార్లలో నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డు ఉంది. మహారాష్ట్రలో గోందియాలో నేషనల్ ఫ్లయింగ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఏ ఒక్కదాని పేరూ విని డబ్బు కట్టకండి. డి.జి.సి.ఎ. 2025 అక్టోబరు నుంచి ఫ్లయింగ్ స్కూళ్ళకి శ్రేణులు ఇస్తోంది, ఏడాదికి రెండుసార్లు. మొదటి జాబితాలో పై శ్రేణులకి ఏ స్కూలూ ఎక్కలేదు. ఆ ఒక్క సంగతి చాలు, కళ్ళు తెరుచుకోవడానికి. స్వయంగా వెళ్ళండి. ఆఫీసులో ఏసీ గదిలో కాదు, హ్యాంగర్లో నిలబడండి. ఎగరగల విమానాలు ఎన్ని, రిపేరులో ఉన్నవి ఎన్ని, విద్యార్థులు ఎంతమంది, శిక్షకులు ఎంతమంది లెక్కపెట్టండి. పోయిన నెలలో ఒక్కో విద్యార్థి ఎన్ని గంటలు ఎగిరాడో అక్కడి పిల్లల్నే టీ కొట్టు దగ్గర అడగండి. బ్రోచర్లో పన్నెండు నెలలు అని ఉంటే, ముందు బ్యాచ్ నిజంగా ఎన్ని నెలల్లో బయటపడిందో అడగండి. రన్‌వే మీద రాత్రి దీపాలున్నాయా చూడండి. ఉత్తరాదిన డిసెంబరు, జనవరి పొగమంచులో ఎన్నో ఉదయాలు ఎగరకుండానే గడిచిపోతాయి, అది కూడా లెక్కలో వేసుకోండి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టమన్నారంటే అక్కడ ఆగిపోండి. గంటలు పూర్తయిన కొద్దీ వాయిదాల్లో కడతామనండి.

మన రంగైలుండా ఎయిర్‌స్ట్రిప్ ఎప్పటికైనా శిక్షణకి పనికొస్తుందని ఆశపడేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆశ వేరు, అడ్మిషను వేరు. మన బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు ఖల్లికోట కాలేజీలో చదువుకుని, లా చదవడానికి డబ్లిన్ దాకా వెళ్ళారు. ఇక్కడ దొరికేది ఇక్కడ, దొరకనిది దూరం వెళ్ళి తెచ్చుకోవడం ఈ ఊరికి కొత్తేం కాదు.

ఇంత చెప్పాక కూడా ఏవియేషన్ యూనివర్సిటీయే సరైనదయ్యే పిల్లలు ఉన్నారు. ఫుర్సత్‌గంజ్ ఉడాన్ అకాడమీ ప్రవేశ పరీక్షలో సీటు వస్తే కళ్ళకద్దుకుని వెళ్ళండి, అక్కడ డిగ్రీ కూడా కలిసొస్తుంది. అమెరికాలో పుట్టి అక్కడి పౌరసత్వం ఉన్న పిల్లలు అక్కడి ఏవియేషన్ డిగ్రీ చదవడం తెలివైన పని. విమానం నడపడం కాకుండా విమానాశ్రయం నడపడం మీద మనసున్నవాళ్ళకి రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఉండనే ఉంది. ఎయిర్‌లైన్‌లు సొంతంగా నడిపే క్యాడెట్ కోర్సులు ఖరీదెక్కువ, కానీ ఉద్యోగానికి దగ్గర దారి. ఒప్పందంలో ఉద్యోగం ఇస్తామని రాశారా, ఇచ్చే ప్రయత్నం చేస్తామని రాశారా అన్నది మాత్రం వకీలుతో చదివించుకోండి.

మిగిలిన పిల్లలందరికీ, అంటే బరంపురం, అస్కా, ఛత్రపురం, హింజిలి, ఇచ్ఛాపురం పక్క పల్లెల్లో ఈ ప్రసంగం వింటున్న పిల్లలకి నా సలహా మారదు. ఈ జులైలో ప్లస్ త్రీలో చేరండి. దసరా సెలవుల్లోపు క్లాస్ టూ మెడికల్ చేయించుకోండి. సర్టిఫికేట్లలో పేరు సరిచేయించండి. తల్లిదండ్రులారా, పొలం కాయితాలు బీరువాలోంచి తీసేది ఈ మూడూ అయ్యాకే.